ఊరకున్న పూట

సంగటి తిన్నాక కదలాలి. ఎప్పుడూ అంతే. ముద్ద కడుపులో పడిందో లేదో, లోపలి బిడ్డ కుడి పక్కటెముక కింద ఒకటి తన్నేది, నా వాటా ఏదీ అన్నట్టు. ఈ పూట హేమావతి ముద్దంతా తింది. బెల్లం నీళ్లు తాగింది. నులకమంచం మీద ఎడమ పక్కకు ఒత్తిగిలి, కడుపు మీద చేయి పెట్టుకుని పడుకుంది. కదల్లేదు.

మంచం పక్కన చాటలో విత్తనానికి ఒలిచిన వేరుశనగ గింజలున్నాయి, వాటి పక్కన ఒక స్టీలు గిన్నె. బిడ్డ తన్నినప్పుడల్లా ఒక గింజ తీసి గిన్నెలో వేయాలి. కడుపు మీద చేయి పెట్టి తన్నులు లెక్కపెట్టమని చెప్పింది ఆశా కార్యకర్త సునందక్క. గింజల ఉపాయం మాత్రం హేమావతి సొంతం, ఎందుకంటే లెక్కపెడుతూ పెడుతూ నిద్రపోవడం ఆమెకు అలవాటు. నిన్నటి దాకా గిన్నె అడుగు కనపడనంత గింజలు పడేవి. ఇప్పుడు గిన్నె అడుగున ఇంటి కప్పు రేకు మెరుస్తోంది, ఆ మెరుపులో తన ముఖం సాగిపోయి వంకరగా ఉంది. నిన్న తన్నిందా? తన్నింది. రాత్రి పక్క మారినప్పుడు కూడా తన్నింది, అబ్బా అన్నది తను, మొగుడు లేడు గనుక ఆ అబ్బా ఎవరికీ వినపడలేదు. కానీ అది నిన్న రాత్రేనా, మొన్నటిదా? రాత్రులన్నీ ఒక్కటే ఉక్కపోతగా ఉంటే ఏ తన్ను ఏ రాత్రిదో ఎట్లా తెలుస్తుంది. పొద్దున కసువు ఊడ్చేటప్పుడు తన్నిందేమో, వంగి ఉంటే తెలియలేదేమో. నీళ్ల బిందె చంకలో ఉన్నప్పుడేమో. కాదు. పొద్దున ఏమీ లేదు. పొద్దున్నే ఆ సంగతి తనకు తెలుసు, తెలిసీ దాన్ని పక్కకు నెట్టి ఇంటిపని చేసింది. పని చేస్తున్నంతసేపూ అది నిజం కాలేదు. పడుకున్నాక నిజమైంది.

వసారాలో అత్త పెద్దక్క వేరుశనగ బుడ్డలు ఒలుస్తోంది. అత్త వేళ్ల మధ్య కాయ పగిలే చప్పుడు, గింజ చాటలో పడే చప్పుడు, మళ్లీ కాయ. పెద్దక్కను ఈ చుట్టుపక్కల గొర్రెలున్న వాళ్లందరూ పిలుస్తారు. పిల్ల అడ్డం తిరిగితే చేయి లోపలికి పెట్టి సర్ది తీస్తుంది. కాలు ముందొచ్చిన పిల్లను మెల్లగా వెనక్కి నెట్టి, తల దారిలో పెట్టి, గొర్రె నొప్పి తీసుకునే దాకా ఆగి, నొప్పితో పాటే లాగుతుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో హేమావతి అది చూసి నోరు తెరిచింది. గార్లదిన్నె పక్క పల్లెలో పుట్టిన తనకు గొర్రె అంటే రోడ్డు మీద అడ్డం వచ్చేది, అంతే. అట్లాంటి అత్త పక్కనుంటే కాన్పుకు భయమేముంది అనుకుంది. అదే మాట మొగుడు తిప్పేస్వామి కూడా అన్నాడు, మందను తోలుకుని నాయనతో పాటు గుట్టల అవతలికి వలస పోతూ. అమ్మ ఉండాది గదా, నాకేం దిగులు. గుట్టల అవతల ఫోను పలకదు.

"అత్తా," అంది హేమావతి. "పొద్దున్నుంచి కదల్తా ల్యా."

"కదల్దు. కాన్పు దగ్గరకొచ్చింది గదా." కాయ పగిలింది. "ఈనే ముందు గొర్రె ఎట్లుంటాది? మందకు ఎడంగా పోయి, మేతకు నోరు పెట్టకుండా, సద్దు ల్యాకుండా నిలబడుకుంటాది. అట్ల నిలబడుకున్నదాన్ని కదిలించగూడదు, తోలగూడదు. తోలితే పిల్ల అడ్డం తిరగతాది. గమ్మున పండుకో."

గమ్మున పడుకుంది. అత్త చెప్పింది నిజమే అయి ఉండాలి అని గట్టిగా అనుకుంది. అత్త చెప్పినవన్నీ నిజం కావు, ఆ సంగతీ తెలుసు. ఐరన్ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని చెప్పింది. హేమావతి బియ్యం డబ్బాలో దాచుకుని మింగింది, టీతో కాకుండా నిమ్మకాయ నీళ్లతో మింగితే ఒంటికి పడుతుందని సునందక్క చెప్పినట్టు. ఒకరోజు బియ్యం చెరుగుతుంటే మాత్రల అట్ట చాటలో పడింది. అత్త దాన్ని రెండువైపులా తిప్పి చూసి, "దొంగముండ," అని, మళ్లీ డబ్బాలోనే పెట్టి మూత వేసింది. మరుసటి రోజు నుంచి సంగటి పక్కన ఉడికించిన గుడ్డు కనపడింది. ఎందుకు పెట్టినావు అత్తా అంటే, "నల్లగా పుట్టినా గట్టిగా పుట్టనీ," అంది. ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని చెప్పిన నోటితోనే ఇంకో ముద్ద వేసుకోమని తిట్టింది. అట్లాంటి మనిషి. ఆమె మీద కోపం తెచ్చుకోవడం చేతకాదు. కోపం లేకుండా కాదనడం ఇంకా చేతకాదు.

గడపలోంచి గుట్ట మీది గాలిమర కనపడుతోంది. మూడు రెక్కలూ ఆగిపోయాయి. తిరగాలని చూసింది. తిరిగితే లోపల కూడా కదులుతుందని ఒక పిచ్చి లెక్క కట్టింది, కట్టాక భయపడి చూపు తిప్పుకుంది. ఎండ వసారా అంచు దాకా వచ్చింది. కోడి ఒకటి నీడ వెతుక్కుంటూ మంచం కిందికి దూరింది. కోడి కూడా కదులుతోంది. మొదటిసారి బిడ్డ కదిలింది ఐదో నెలలో. తిప్పేస్వామి బండి మీద వెనక కూర్చుని కొత్తచెరువు సంతకు పోతున్నారు. దారి పొడవునా సోలార్ పలకలు, ఎండ వాటి మీద పడి కళ్లలో గుచ్చుకుంటోంది. ఉన్నట్టుండి పొట్ట అడుగున ఏదో చిటుక్కుమంది. గొంగడిలో చిక్కిన మిడత ఒకటి కాలు కొట్టినట్టు. బండి ఆపు అంది. ఏమైంది అన్నాడు. ఏం లేదు, ఆపు. ఆపాక ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడ్డారు, లారీలు పోతున్నాయి, అతను ఆమె పొట్ట వైపు చూస్తూ, పొట్ట చెప్పేది వినపడుతుందేమో అన్నట్టు తల వంచి నిలబడ్డాడు. మళ్లీ రాలేదు. "యా, గాలి పోయింటాది," అన్నాడు. కోపం వచ్చింది. ఆ రాత్రి అతని చేయి పెట్టినప్పుడు మిడత మళ్లీ కొట్టింది, అతను చేయి కాలినట్టు తీసేసుకుని, మళ్లీ పెట్టి, తెల్లవారే దాకా తీయలేదు. ఆ చేయి ఇప్పుడు గుట్టల అవతల కర్ర పట్టుకుని ఏ గొర్రెను అదిలిస్తోందో.

సునందక్కకు ఫోన్ చేయొచ్చు. ఫోను దిండు కింద ఉంది. తీసి పట్టుకుంది. పేరు దాకా వేలు పోయి ఆగింది. ఎనిమిదో నెలలో ఒకసారి చేసింది. పొట్ట గట్టిపడి రాయిలా అయి వదులుతుంటే నొప్పులనుకుని ఊరంతా లేపింది. గోవిందప్ప ఆటోలో గోరంట్ల మీదుగా టౌనులో పెద్దాసుపత్రికి పోయారు. డాక్టరమ్మ చూసి, ఇవి ఉత్త నొప్పులు, అప్పుడప్పుడు వస్తాయి, పోతాయి, నిజం నొప్పులైతే దగ్గర దగ్గరగా వస్తూ పెరుగుతూ పోతాయి అని చెప్పి పంపింది. అనుమానమొస్తే మళ్లీ రావడానికి సిగ్గుపడొద్దు అని కూడా చెప్పింది. ఆ రెండో మాట ఎవరూ ఊరికి మోసుకురాలేదు. ఊరికి వచ్చింది మొదటి మాటే. కుళాయి దగ్గర ఆడవాళ్లు, ఏమే హేమా, ఆటో షికారు బాగుండెనా అన్నారు. గోవిందప్ప అయితే ఎదురుపడినప్పుడల్లా, "ఈసారి బిడ్డ ఒళ్లో ఉంటేనే వెనక్కి తెచ్చేది, ల్యాకుంటే ఆడనే దించి వస్తా," అని పళ్లికిలించేవాడు. మంచి మాటే, సరదాకే. ఇప్పుడు ఆ సరదా ఫోను మీద వేలిని ఆపుతోంది. లేనిదానికి పోతే నవ్వుతారు. ఉన్నదానికి పోకపోతే? ఆ వాక్యం పూర్తి చేయలేక కడుపు మీద వేళ్లతో మెల్లగా తట్టింది, తలుపు కొట్టినట్టు. ఒరేయ్. ఒసేయ్. ఎవరైతే వాళ్లు. ఒక్కసారి. సగమే తన్ను, చాలు. గట్టిగా కూడా వద్దు. పొట్ట చర్మం కింద ఏదో జారింది, ఊపిరి బిగబట్టింది. అది తను తాగిన బెల్లం నీళ్ల చప్పుడు.

అమ్మ గాజులు తొడిగింది. ఏడో నెలలో, ఒళ్లో బియ్యం పోసి, పసుపు రాసి, పచ్చ గాజులు ఒక్కొక్కటీ మణికట్టు ఎముక దాటించి తొడుగుతూ. పుట్టింటికి తీసుకుపోవాల్సింది, కానీ నాయన కాలు విరిగి మంచంలో ఉన్నాడు, ఇద్దరిని చూడటం అమ్మ ఒక్కదాని వల్ల కాదు. అందుకు అమ్మ కళ్లు తడిగా ఉన్నాయనుకుంది హేమావతి. అందుకు కాదు. గాజు తొడుగుతూ, ఎవరికీ వినపడకుండా, చేయి వైపే చూస్తూ అమ్మ అంది: "నీకు ముందు ఒకడుండె." హేమావతికి మొదట అర్థం కాలేదు. తనే పెద్దది గదా. "నెలలన్నీ నిండినాయి. ఒకరోజు ఊరకుండిపోయినాడు. అందరూ ఏమనకపోతే నేనూ ఊరకుండిపోతిని." గాజు పగలకుండా దిగింది. ఆ వెంటనే ఎవరో పాట ఎత్తుకున్నారు, అమ్మ కూడా గొంతు కలిపింది. అంతే, ఇరవై ఏళ్లకు పైగా మోసిన దాన్ని అంత చిన్న సందులో దించేసి పాట పాడింది. హేమావతి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకుండా పోవడానికి వీలైన చోటే చెప్పింది గదా అమ్మ.

ఊరకుండిపోయినాడు. నేనూ ఊరకుండిపోతిని.

చేయి మీద ఆనుకుని లేచి కూర్చుంది. లేచిన ఊపుకైనా కదలాలి. కదల్లేదు. మంచం కింద కోడి బయటికి పరుగెత్తింది.

"అత్తా, ఈనే ముందు ఊరకుండేది గొర్రె గదా?"

"ఊ."

"నేను ఊరకుండ్ల్యా గదా. కసువు ఊడ్చినా, నీళ్లు తెచ్చినా, బుడ్డలు ఒలిచినా. మీతో మాట్లాడతానే ఉండా. ఊరకుండేది నేను కాదు, లోపలిది." తన గొంతు తనకే కొత్తగా ఉంది. "మీ గొర్రె నిలబడుకున్నప్పుడు లోపల పిల్ల కూడా ఊరకుంటాదా?"

కాయ పగల్లేదు. వసారాలో చప్పుడు ఆగింది. ఆగాక గానీ ఆ చప్పుడు ఇంతసేపూ ఎంత ధైర్యం ఇచ్చిందో తెలియలేదు.

"ల్యా," అంది పెద్దక్క, మెల్లగా, లెక్క సరిచూసుకుంటున్నట్టు. "గొర్రె నిలబడుకుంటాది గానీ, పిల్ల డొక్కలో తిరగతానే ఉంటాది. చెయ్యి పెడితే తగలతాది."

"తగలకపోతే?"

ఎన్ని గొర్రెల డొక్కలు ఆ అరచేతి కింద ఊరకున్నాయో, ఆ తర్వాత ఏం బయటికి లాగిందో, అవన్నీ పెద్దక్క ముఖం మీద వరసగా పోతున్నట్టు అనిపించింది. నెల రోజులుగా ఆమె కోడలి కడుపు ముట్టలేదు. ఈ ఏడాది మందలో చచ్చిన పిల్లలు చాలా పడ్డాయి. చచ్చినదాన్ని తీసిన చేయి, మంద పండగ జరిగేదాకా నిండు కడుపు మీద పెట్టకూడదని ఈ ఇళ్లలో కట్టుబాటు. ఈనిన గొర్రెల దగ్గరికి, మావి పడిన చోటికి కడుపుతో ఉన్నవాళ్లు పోకూడదని సునందక్క కూడా చెప్పింది, జబ్బు అంటుకుంటే బిడ్డకు ప్రమాదమని. అందుకే అత్త అన్నం కూడా మంచం చివర పెట్టి పోయేది. ముట్టని చేతికి ఏం తెలుస్తుంది. చేయి పెట్టి ఉంటే పొద్దున్నే తెలిసేది, ఆ చేతికి తెలియనిది లేదు. పెద్దక్క లేచింది. నీళ్ల తొట్టి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా రుద్ది కడిగింది, మళ్లీ కడిగింది. చీర కొంగుకు తుడుచుకుని వచ్చి, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులూ కోడలి కడుపుకు రెండు పక్కల ఆనించి కళ్లు మూసుకుంది. ఒక చేత్తో మెల్లగా నెట్టి రెండో చేత్తో విన్నది. చేతులతో వినడం అంటే ఏమిటో హేమావతి అప్పుడే చూసింది. ఇంకోసారి నెట్టింది. కళ్లు తెరిచినప్పుడు ఆ కళ్లు కోడలి వైపు చూడలేదు. మూలనున్న చెప్పుల వైపు చూశాయి.

"లెయ్."

అప్పుడు ఫోను మీద వేలు ఆగలేదు. "పొద్దున్నుంచా?" అంది సునందక్క. "పొద్దున్నుంచీ ఏం చేస్తాండావే?" ఎదురు చూస్తాండా అక్కా. "ఎదురు చూసేది బస్సుకు. బయల్దేరు. తిన్నావా? సరే, ఇంకేమీ తినొద్దు. ఎడమ పక్కకే పండుకో ఆటోలో గూడా. ఆసుపత్రిలో సిస్టర్‌కి నేను చెప్తా." 108 బండి ఇంకో ఊళ్లో కేసుతో ఉంది. పెద్దక్క చెప్పులు తొడుక్కోకుండానే వీధిలోకి పోయి అరిచింది. గోవిందప్ప ఆటోలో టమాటా బుట్టలు ఎక్కిస్తున్నాడు. వీళ్లను చూసి, "ఏం హేమా, మళ్లా షికారేనా?" అని మొదలుపెట్టి, పెద్దక్క ముఖం చూసి మాట మింగేశాడు. బుట్టలు దించలేదు, తోసేశాడు. టమాటాలు వీధిలో దొర్లిపోతుంటే ఒక్కటి కూడా ఎత్తుకోకుండా తాడు లాగి ఆటో స్టార్టు చేశాడు.

ఆటో సీటు మీద ఎడమ పక్కకు, తల అత్త తొడ మీద. పైన రేకు, రేకుకు అంటించిన దేవుడి బొమ్మ సగం చిరిగి ఉంది, ఏ దేవుడో తెలియదు, ఎవరైతే వాళ్లకు మొక్కింది. రోడ్డు గుంతలన్నీ నడుములోకి వచ్చి పడుతున్నాయి. అదిలించకూడదు, తోలకూడదు అన్న మనిషే ముందుకు వంగి గోవిందప్ప భుజం మీద కొడుతోంది, తోలు, తోలు. ఈ కుదుపుకు కదలొద్దా? కదలడం లేదు. ఇంత కుదుపుకు కదలకపోవడం అంటే. లేదు. అంటే లేదు. నిద్రపోతుంటారట, లోపల కూడా నిద్ర ఉంటుందట, సునందక్కే చెప్పింది, కానీ ఇంత నిద్ర ఉండదని కూడా ఆమే చెప్పింది. స్కానింగులో చూసినప్పుడు గుండె ఒక్కటే తెలిసింది, చీకట్లో మినుకుమినుకుమనే చుక్క, మిగతాదంతా మబ్బు. అదే గుండె అంది డాక్టరమ్మ. అంత చిన్నదా అని అడిగింది తను. అంత చిన్నదే, అయితే నీకంటే రెండింతల జోరుగా కొట్టుకుంటాది అంది. ఇప్పుడు ఆ చుక్క ఉందా? తన గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, అది తనదే, దాన్ని ఆపితే లోపలిది వినపడుతుందేమో. పెద్దక్క వేళ్లు ఆమె వెంట్రుకలు పక్కకు తోస్తున్నాయి. ఆ వేళ్లు వణుకుతున్నాయి. అత్తకు భయమేస్తుందా? అత్తకు కూడా? ఆ వణుకు తెలిశాక హేమావతికి ఆశ్చర్యంగా కొంచెం ధైర్యం వచ్చింది, భయం ఇద్దరి మధ్య పంచుకున్నట్టు. ఎండ, దుమ్ము, మళ్లీ సోలార్ పలకలు, రోడ్డుకు అడ్డంగా ఒక మంద. గోవిందప్ప హారన్ మీద చేయి తీయలేదు. గొర్రెలకాపరి తిట్టాడు. ఆటోలోంచి తల బయటపెట్టి, తన బతుకులో మొదటిసారిగా, పెద్దక్క గొర్రెలకాపరిని తిట్టింది.

ఆసుపత్రి గేటు దగ్గర నర్సు ఎలిజబెత్ చక్రాల కుర్చీతో నిలబడి ఉంది, సునందక్క ఫోను పని చేసిందన్నమాట. పడక మీద పడుకోబెట్టి, చల్లని జిగురు పూసి, చిన్న మిషను కడుపు మీద ఆనించింది. బుసబుసమని గాలి. పక్కకు జరిపింది. గాలి. ఇంకా కిందికి. ఎవరిదో గుండె, టక్ టక్ టక్, హేమావతి పైకి లేవబోయింది. "అది నీదేమ్మా, పండుకో." మళ్లీ గాలి. పెద్దక్క గోడకు ఆనుకుంది. డాక్టరమ్మ వచ్చి మిషను తీసుకుని, "ఎప్పట్నుంచి?" అంది. "ఇప్పుడేనమ్మా, ఇప్పుడే," అని పెద్దక్క నోటి నుంచి వచ్చింది, కోడలిని కాపాడుతున్నట్టు, తనను కాపాడుకుంటున్నట్టు. "పొద్దున్నుంచి," అంది హేమావతి. మిషను ఒక చోట ఆగింది. గాలి కాదు. నెమ్మదిగా, బరువుగా, ఏటవాలు ఎక్కలేని ఎద్దు అడుగుల్లాగా. టక్. టక్. నడుమ పెద్ద సందు. టక్.

"ఉండాది," అంది ఎలిజబెత్. "ఉండాది గానీ అలిసిపోయింది," అంది డాక్టరమ్మ. "నొప్పులకు ఆగే ఓపిక లేదు దానికి. ఇప్పుడే తీసేయాలి."

"కొయ్యకుండా రాదా తల్లీ?" పెద్దక్క గొంతు పిల్లదాని గొంతులా ఉంది. ఆమె చేయి పెట్టి తీసిందే గానీ ఎప్పుడూ కత్తి పెట్టలేదు.

"వస్తాదమ్మా. వచ్చేదాకా లోపల బిడ్డ ఆగాల గదా."

హేమావతి చేయి చాపింది. సంతకం పెట్టాలంటే పెట్టింది. తిన్నావా అని అడిగితే సంగటి తిన్నానంది, మత్తు డాక్టరు తల అడ్డంగా ఊపి, అయితే వెన్నులోనే ఇస్తాం, నీకు తెలివి ఉంటుంది, భయపడొద్దన్నాడు. తెలివి ఉండాలనే ఆమెకు కూడా ఉంది. తలుపు మూసుకునేలోపు అత్త ఏదో అరిచింది, వినపడలేదు. వెన్నులో సూది, తర్వాత కాళ్లు వెచ్చబడి, బరువెక్కి, వేరెవరివో అయిపోయాయి. ముఖం ముందు పచ్చ బట్ట కట్టారు. బట్టకు అవతల లోహం చప్పుడు, మాటలు. ఇవతల తను, కప్పులో ఒక దీపం, దీపంలో ఒక చచ్చిన పురుగు. అమ్మకు చెప్పాలి. ఏం చెప్పాలి? నేను ఊరకుండలేదమ్మా. అది ఇంకా చెప్పకూడదు, తొందరపడకూడదు. తిప్పేస్వామికి ఎవరు చెప్తారు, ఏ గుట్ట ఎక్కితే ఫోను పలుకుతుంది. కడుపు మీద ఎవరో పెద్దగా వత్తారు, నొప్పి లేదు, గోతంలోంచి గింజలు తోడుతున్నట్టు లాగుతున్నారు. "నీళ్లు పచ్చగా ఉన్నాయి," అంది డాక్టరమ్మ. పచ్చగా అంటే ఏమిటి అని అడగాలనుకుంది. బిడ్డ లోపలే దొడ్డికి పోయింటాది, ఇబ్బంది పడినప్పుడు అట్ల పోతారమ్మా అని మత్తు డాక్టరు చెప్పాడు, అంటే తను పైకే అడిగిందన్నమాట. ఏదో బరువు దిగిపోయింది. ఒళ్లంతా ఒక్కసారిగా తేలికైంది, అంత తేలిక ఎప్పుడూ ఇంత భయంగా లేదు. తెల్ల బట్టలో చుట్టిన ఏదో పక్క గదిలోకి పరుగెత్తింది, ఎలిజబెత్ చేతుల్లో. ఏడుపు లేదు.

ఏడుపు లేదు. మత్తు డాక్టరు ఏదో మాట్లాడుతున్నాడు, నీ పేరేంటి, ఏ ఊరు, గోరంట్ల పక్కనా, ఎండలెట్లున్నాయి. ఆమె ఊరు చెప్తోంది, ఎండలు చెప్తోంది, చెవులు మాత్రం ఇంకా కడుపులోకే పెట్టి ఉంచింది. అలవాటు. పొద్దున్నుంచీ లోపలికే విన్నది. నెలల తరబడి లోపలికే విన్నది, నిద్రలో కూడా. ఖాళీ అయిపోయిన చోట అంతే శ్రద్ధగా వింటోంది, ఒక్క తన్ను, సగం తన్ను. అక్కడ ఎవరూ లేరు. ఉండాల్సిన చోట లేరు. పక్క గదిలో రుద్దుతున్న చప్పుడు, ఏదో పీలుస్తున్న మిషను, కానీయ్, కానీయ్ నాయనా అని ఎలిజబెత్ బతిమాలుతున్న గొంతు. ఆ గదిలో ఏదో గీరింది, పిల్లి గోడ గీరినట్టు. ఆగింది. మళ్లీ గీరింది. ఎవరో పసిబిడ్డ ఎక్కడో ఏడుస్తున్నాడు, వార్డులో ఎవరిదో అనుకుంది. ఎవరిదో అదృష్టం అనుకుంది. ఆ ఏడుపు దగ్గరికి వచ్చింది, పెద్దదైంది, కోపంగా అయింది, నన్నెవరు కదిలించారు అని అడుగుతున్నట్టు. తను లోపల వెతుకుతున్నది బయటినుంచి వస్తోందని అర్థం కావడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.

తలుపు అవతల వరండాలో కేకలు. "ఆ ఏడుపు మాదే! తలుపు తియ్యండప్పా, అది మా ఇంటి ఏడుపే!" పెద్దక్క. ఎవరో ఆమెను ఆపుతున్నారు, గమ్మునుండమ్మా, ఆసుపత్రి ఇది. నువ్వుండు గమ్మున, అని ఆమె ఎవరినో తిడుతోంది. ఆడా మగా అని ఎవరూ చెప్పలేదు, హేమావతికి అడగాలని కూడా తోచలేదు. కన్నీళ్లు చెవుల్లోకి పోతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు కట్టేసి ఉన్నాయి. మత్తు డాక్టరు దూదితో తుడిచి, బిడ్డ ఏడుపుకు ఆమె భయపడిందనుకున్నాడు.

"ఏం కాదమ్మా, బాగుంది. వెచ్చగా చుడితే ఊరుకుంటుంది."

"వద్దు సార్," అంది హేమావతి. "ఇంకొంచెం సేపు ఏడవనీండి."